నేను తుడిచేసిన గొంతు

మనవడు ఫోనులో మాటల్లేని పాట పెట్టినాడు. కీబోర్డు శబ్దం జారుతా, ఉరుముతా పోతాంటే నాకు చిన్ననాటి సంగతొకటి గుర్తుకొచ్చింది.

అప్పుడు నాకు ఎనిమిదేండ్లు. ఆదోని పెళ్లి బ్యాండులో సన్నాయి వాయించే మామ ఎమ్మిగనూరులో మా ఇంటికి వచ్చినాడు. బ్యాండు ఓనరు ఇచ్చిన క్యాసెట్టొకటి గూట్లో పెట్టినాడు. దుమ్మంటే నాకు అప్పటినుంచే పడదు. తడిగుడ్డతో దాని రీలు కూడా తుడిచినాను. సాయంత్రం మామ దాన్ని టేపులో వేస్తే, ఎంతసేపటికీ వాయింపే గానీ పాడేవాళ్ల గొంతు రాలేదు. 

"మామా, గొంతు నేనే తుడిచేసినా. అమ్మకు సెప్పొద్దు!" అని ఏడ్చినాను.

మామ పడీపడీ నవ్వినాడు. "పిచ్చిదానా, దీంట్లో పాడేటోళ్లే లేరు. పిల్లనగ్రోవి, వయొలిన్, డ్రమ్ము, అన్నీ ఒక్క మనిషే కరెంటు పెట్టె మీద వాయించినాడు."

నా ఏడుపు ఆగిపోయింది. "ఒక్కడే అన్నీ వాయిస్తే, తక్కినోళ్లు ఏం తినాల మామా?"

మామ నవ్వు కూడా ఆగిపోయింది. టేపు ఆపి, సన్నాయిని గుడ్డలో చుట్టి పక్కన పెట్టినాడు.

ఓనరు అట్లాంటి పెట్టె కొన్నాడనీ, ఇంక సన్నాయి అక్కర్లేదన్న మాట నోటితో చెప్పలేక క్యాసెట్టు ఇచ్చి పంపినాడనీ పెద్దయినాకే నాకు తెలిసింది.