గళ్ల కాగితం మీద కుంటి స్టూలు

మా పెద్దబాపు ఆగయ్యకు ఏది కనిపించినా అది ఎన్ని గళ్లో లెక్కపెట్టే అలవాటు. సిరిసిల్లలో చీర అంచుల డిజైన్లను గళ్ల కాగితం మీద గీసి, ఆ ప్రకారం మగ్గం అట్టలకు తూట్లు పొడవడం ఆయన పని. నెమలైనా, మామిడి పిందైనా ఆయనకు గళ్లే. పెళ్లిచూపుల నాడు నర్సక్క పెద్దమ్మను చూసి, "ముక్కు పన్నెండు గళ్లు, మంచిగుంది" అన్నాడట. "అప్పుడే లేచి లోపటికి పోతే బతికిపోతుంటి" అంటుంది పెద్దమ్మ ఇప్పటికీ.

నేను ఏడో తరగతిలో బడి మానేసి వాళ్లింట్లో నూలు కండెలు చుట్టేదాన్ని. మాట్లాడటం తక్కువ, చూడటం ఎక్కువ.

ఒకసారి ముగ్గురం కోరుట్లకు, పెద్దబాపు మేనల్లుడు దేవదాస్ ఇంటికి పోయాం. దుబాయి నుంచి తెచ్చిన వీసీఆర్‌లో దేవదాస్ రెండు నిమిషాల బొమ్మల సినిమా వేశాడు. ఒక కుంటి స్టూలు మెట్టెక్కాలని చూసే కథట. గది నిండా మగవాళ్లే. నేను తలుపు వెనకే నిలబడి విన్నాను.

"గీ బొమ్మలు ఎవలు గీసిన్రు?" పెద్దబాపు గొంతు.

"ఎవలు గీయలే మామా. ఇన్నొద్దులు ఒక్కో బొమ్మ చేత్తోని గీసేటోళ్లు. గిది కంప్యూటర్ చేసింది. గిసొంటివి ఇప్పుడిప్పుడే వస్తున్నయి. ముందుముందు అన్నీ గిట్లనేనట."

"చేతిమగ్గాలు పోయి కరెంటు సాంచెలు అచ్చినట్టా? మరి కంప్యూటర్‌కు ఎట్ల తెలుస్తది?"

"ఉన్నది, లేదు. గా రెండు ముక్కలే దానికి తెలుసట."

"తూటుంటే దారం లేస్తది, లేకుంటే లేవది. మా అట్ట లెక్కనే గదా! ఆపు! ఎనక్కు తిప్పు! గా కాలు ఎన్ని గళ్లు?"

ఇరవైసార్లు ఆపించాడు. వీసీఆర్ వేడెక్కింది. దేవదాస్ అంతకంటే వేడెక్కాడు.

ఆ తర్వాత మూడు ఆదివారాలు పెద్దబాపు గళ్ల కాగితాలు పట్టుకుని కోరుట్లకు పోయాడు.

"ఇంట్ల పీట కాలు ఇరిగి నెల అయితంది. దాన్ని చూడవు, టీవీల స్టూలు కాలు కావాల్నా నీకు?" అని పెద్దమ్మ అరిచినా వినలేదు.

మూడో ఆదివారం తిరిగి రాలేదు. వేములవాడ దాటాక పోలీసులు బస్సు ఆపారనీ, ఆయన సంచిలో నల్లగా నింపిన గళ్ల కాగితాలు చూసి ఠాణాకు పట్టుకుపోయారనీ సాయంత్రం తెలిసింది. నక్సలైట్ అన్నలు గుట్టల్లో, పోలీసులు రోడ్ల మీద ఉన్న రోజులవి. ఠాణాకు పోయిన మనిషి ఇంటికొచ్చేదాకా నమ్మకం లేదు. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని బయలుదేరింది.

"ఏ గుట్టకు దారి ఇది?" మేం పోయేసరికి ఎస్సై అడుగుతున్నాడు.

"దారి కాదు సారూ, స్టూలు."

"స్టూలా?"

"కుంటుతది సారూ."

జవాన్లు నవ్వు ఆపుకున్నారు. ఎస్సైకి ఆపుకునే పని పడలేదు, నవ్వే రాలేదు.

"ఎవలకోసం గీసినవ్? పేరు చెప్పు, ఇడిచిపెడ్త."

పెద్దబాపు నన్నొకసారి చూసి, కిటికీ వైపు తిరిగాడు. "గీ జాలి నూట నలభై గళ్లు సారూ."

"లోపలెయ్యిన్రి వీన్ని!"

పెద్దమ్మ ఏడుపందుకుంది. నేను బల్ల మీది కట్టనే చూస్తున్నాను. అరచేతంత కాగితాలు, తర్వాత లెక్కపెడితే తొంభై రెండు. ఒక అంచున మగ్గం దారంతో కుట్టి ఉన్నాయి. పైకి లేచిన రెండు కాగితాల మధ్య స్టూలు కాలు ఒక్క గడి జరిగింది. బల్ల దగ్గరికి పోయాను. కట్ట తీసుకుని, అంచు వంచి, బొటనవేలితో ఒక్కో కాగితం గబగబా వదిలాను.

స్టూలు తలుపు వెనక నుంచి తొంగిచూసింది. కుంటుతూ వచ్చి, మెట్టెక్కబోయి బోర్లా పడింది. లేచి, మళ్లీ ఎక్కింది.

"సారూ, ఇంకోసారి!" అన్నాడు ఒక జవాను.

ఎస్సై నాలుగుసార్లు చూశాడు. నాలుగోసారి తనే తిప్పాడు. "తీస్కపో" అని కట్ట నా చేతిలో పెట్టి, పెద్దబాపును వదిలేశాడు.

బయటికొచ్చాక అడిగాను. "ఎవలకోసమో చెప్తే అప్పుడే ఇడుస్తుండె గదా పెద్దబాపూ?"

"ఠాణాల ఆడిపిల్ల పేరు చెప్తరా బిడ్డా?"

నేను ఆగిపోయాను. "నాకోసమా?"

"నువ్వు తలుపెనక ఉంటివి. నీకు స్టూలు యాడ కనబడ్డది? అన్నీ మావోళ్ల వీపులే. ఒక్కోటి అరవై గళ్లు. నేను లెక్కపెట్టిన."

పెద్దమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "దేవదాసుది ఎనభై ఉంటది" అంది.