దోర చింతకాయల ఆదివారం

ఆ రోజుల్లో మదనపల్లెలో చలి విరిగిందని చెప్పడానికి క్యాలెండరు అక్కర్లేదు. పొద్దున స్వెట్టర్లు తొడుక్కుని బడికి బయల్దేరిన పిల్లలందరం పది గంటలకల్లా వాటిని నడుముకు కట్టుకుని తిరిగేవాళ్ళం. వీపుకు ఎండ తగిలితే నీడలోకి జరగాలని కాక ఇంకాసేపు అక్కడే నిలబడాలనిపించేది. మామిడి పూత వాసన ఆసుపత్రి కాంపౌండు గోడ దాటి రోడ్డు మీదికి వచ్చేది. అన్నిటికంటే ముఖ్యం, చింతకాయలు దోరకు వచ్చేవి. పచ్చికాయ పులుపు కాస్త తగ్గి, పండు తీపి ఇంకా రాక, పెంకు వదులైన ఆ కాయను ఉప్పూ కారంలో అద్దుకుంటే (రాస్తుంటేనే నోట్లో నీళ్ళూరుతున్నాయి, క్షమించాలి) మిగతా ఏడాదంతా ఎందుకుందో అర్థమయ్యేది కాదు. ఇప్పటికీ అర్థం కాలేదనుకోండి.

అటువంటి నేను ఆ ఏడాది చింతకాయలు మానేశాను. మా చర్చిలో శ్రమకాలమని, ఈస్టరుకు ముందు నలభై దినాలు, ఎవరికి ఇష్టమైనది వాళ్ళు దేవుడి కోసం వదులుకుంటారు. ఒకరు మాంసం, ఒకరు కాఫీ, మా నాన్న లాంటివాళ్ళు టీవీ. ఆ ఏడాది శ్రమకాలం తొందరగా, సరిగ్గా దోరకాయల మీదికి వచ్చిపడింది. "పిల్లల్లో ఎవరు ఏం మానుకుంటారమ్మా?" అని పాస్టరమ్మ అడిగిన రోజు నా పరిస్థితి ఏమిటంటే, ముందురోజు ఒళ్ళో పోసుకుని తిన్న కాయలకు పళ్ళు పులిసిపోయి, ఇడ్లీ కూడా నమలలేకుండా ఉన్నాను. చింతకాయ మాట తలచుకుంటేనే ఒళ్ళు జలదరిస్తోంది. లేచి నిలబడి, "నేను చింతకాయలు మానుకుంటా" అని ప్రకటించేశాను. పాస్టరమ్మ కళ్ళు తుడుచుకుంది. రెండు రోజుల్లో పళ్ళు బాగయ్యాయి. మాట మాత్రం అట్లాగే ఉండిపోయింది.

ఇక నా సంగీతం సంగతి. నాకు పద్నాలుగేళ్ళు, మనిషిని పొడవు. చర్చి పాటల బృందంలో వెనక వరుస బోసిగా ఉందని నన్ను నిలబెట్టారు. పాట నేర్పే మాస్టారు హార్మోనియం పెట్టెను క్షణం వదిలేవాడు కాదు గనక ఆయన్ని అందరం పెట్టె సారు అనేవాళ్ళం. మొదటిరోజు నా పాట విని ఆయన పెట్టె మూసేసి, ఎంతో ప్రేమగా చెప్పాడు: "నీ గొంతు దేవునికి ఇష్టమే పాపా, మనుషులకే కొంచెం కష్టంగా ఉండాది. నువ్వు పెదాలు కదిలించు, సాలు." అప్పటినుంచీ నేను ఎంతో భక్తిగా పెదాలు కదిలిస్తూ ఉన్నాను.

చిక్కంతా పుంగనూరులో ఉన్న మా అవ్వతో. ఫోను చేసినప్పుడల్లా "పాడతాండావా మే?" అని అడిగేది. "పాడతాండానవ్వా" అనేదాన్ని. దాన్ని పట్టుకుని అవ్వ పుంగనూరులో నన్ను పెద్ద గాయనిని చేసి కూర్చోబెట్టింది. ఇంతలో పుంగనూరు చర్చివాళ్ళు, ఒక ఆదివారం వచ్చి పాడమని మా బృందాన్ని పిలిచారు. అవ్వ అదే రోజు ఫోను చేసింది. "నేను ముందు బెంచీలో కూర్సుంటా. మా ఎదురింటి శెట్టెమ్మ గూడా నీ పాట ఇనాలని వస్తాండాది." అవ్వ చెవులు పాము చెవులు. పదిమందిలో నా గొంతు లేదని ఇట్టే కనిపెట్టేస్తుంది. శెట్టెమ్మ ముందు అవ్వ తల దించుకోవాల్సి వస్తుందే అన్న దిగులుతో నాకు అన్నం సయించలేదు.

ఆదివారం పొద్దున వ్యాను ఎక్కాం. "పాట అయ్యేదాకా ఎవురూ పులుపు ముట్టగూడదు" అని పెట్టె సారు ఎక్కేటప్పుడే ఖండితంగా చెప్పాడు. సగం దారిలో టైరు పంక్చరైంది. ఎక్కడనుకున్నారు? రోడ్డుకు రెండు పక్కలా చింతచెట్లున్న చోట. లేత ఎండ, చల్లటి గాలి, గాలికి కింద రాలిన దోరకాయలు. అందరం కాసేపు ఆకాశం వైపు చూశాం. ఆసుపత్రిలో నర్సుగా చేసే అక్క ఒకామె నెమ్మదిగా చేతిసంచీ తెరిచి ఒక పొట్లం తీసింది. ఉప్పూ కారం! (పాటలకు వెళ్ళే మనిషి సంచీలో ఉప్పూ కారం ఎందుకుందో ఆమెను ఎవరూ అడగలేదు.) "ఒగటి తింటే ఏమయితాదిలే సార్" అంది. పెట్టె సారు చాలా సేపు తట్టుకున్నాడు. చివరికి, "ఏదీ, ఆ చిన్నది ఇట్లియ్యి" అన్నాడు. ఆ తర్వాత చిన్నవీ పెద్దవీ అని చూసినవాడు లేడు. నేను ఒక్కదాన్నే వ్యానులో కూర్చుని, లొట్టలు వినబడకుండా చెవులు మూసుకుని, ఇడ్లీ నమలలేని పూట చేసిన ఆ ప్రమాణాన్ని తిట్టుకున్నాను.

చర్చిలో మా వంతు వచ్చింది. ముందు బెంచీలో అవ్వ, పక్కన పట్టుచీరలో శెట్టెమ్మ. పెట్టె సారు శ్రుతి అందించాడు. మొదటి మాట దగ్గరే నర్సక్క దగ్గింది. ఆమెను చూసి కాబోలు, ముందు వరుసంతా దగ్గింది. మగవాళ్ళ గొంతుల్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. కళ్ళనీళ్ళతో పెట్టె సారు వెనక వరుసకు తిరిగి, బొంగురుగా, "పాపా, నువ్వు పాడు" అన్నాడు.

"పెదాలా సార్?"

"గొంతుతో!"

పాడాను. మూడు చరణాలూ పాడాను. ఒక్కసారి మొదలుపెట్టాక ఆపడం నాకూ చేతకాలేదు. హార్మోనియం ఒక దారిన, నేను ఒక దారిన పోయి, చివర ఆమెన్ దగ్గర కలుసుకున్నాం. శెట్టెమ్మ చెవికమ్మ సర్దుకోవడానికని చెయ్యెత్తి, ఆ చెయ్యి చెవి మీదే ఉంచుకుంది. అవ్వ మాత్రం వెన్ను నిటారుగా పెట్టి, రెప్పవేయకుండా నన్నే చూసింది.

ఆరాధన అయ్యాక, నర్సక్క చీరకు అంటిన చింతపెంకు మీద ఓ చూపు వేసి, అవ్వ నా దగ్గరికి వచ్చింది. ఏడవడానికి సిద్ధంగా ఉన్నాను. ఆమె నా గడ్డం పట్టుకుని, శెట్టెమ్మకు బాగా వినిపించేలా, "అయ్యో, సూడు! దోవలో చింతకాయలు తినేసి బంగారం లాంటి గొంతు పాడు సేసుకుండాది నా మనవరాలు!" అంది. వెనక పదిమందీ ఇంకాస్త గట్టిగా దగ్గారు. బృందంలో చింతకాయ ముట్టనిది నేనొక్కదాన్నే!

అవ్వ వాళ్ళింటికి వెళ్ళాక ఆమె కొంగుముడి విప్పింది. నాకోసమని పెరట్లో ఏరి ఉంచిన దోరకాయలు. "వద్దవ్వా, శ్రమకాలం" అన్నాను దిగులుగా. "ఆదివారాలు ఆ నలభైలో లెక్కకు రావు మే, పిచ్చిదానా. ఈపొద్దు ఎందుకు మానుకుంటివి? తిను" అంది. ఆ మాట పొద్దునే ఎవరైనా చెప్పి ఉంటే నేనూ చెట్టు కిందే ఉండేదాన్ని, ఆ పాట ఈ లోకంలోకి వచ్చేదే కాదు. అరుగు మీద ఎండలో కూర్చుని ఇద్దరం పళ్ళు పులిసేదాకా తిన్నాం.

అవ్వ నా గొంతు నిజంగానే పాడయిందనుకుందో, శెట్టెమ్మ ముందు నన్ను కాపాడిందో అడగనేలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆమె లేదు. చలి తగ్గి బండ్ల మీదికి దోరకాయలు వచ్చాయంటే అవ్వ మీద బెంగ పుడుతుంది, ఓ గుప్పెడు కొనుక్కుంటాను. చర్చిలో ఇప్పటికీ వెనక వరుసలోనే పెదాలు కదిలిస్తున్నాను. "నీ పాట వినపడదేం పిన్నీ?" అని మా అక్క కూతురు అడుగుతుంది. "చింతకాయలు తిన్నానే" అంటాను. ఆగస్టులో అడిగినా అదే చెబుతాను.