బూట్ల మీద కరీం భాయ్ కోపం

కరీం భాయ్‌కి బూట్లంటే కోపం. ఏదో నచ్చకపోవడం కాదు, తన తాతల ఆస్తినంతా బూట్లే కాజేసినంత కోపం. అలాంటి కోపాలు లోకంలో ఉంటాయి, కాదనను. కానీ ఆ మనిషి బతుకుతెరువే వరంగల్ మట్టెవాడలో చెప్పుల దుకాణం! బూట్లు కుట్టి, అమ్ముకుని అన్నం తింటాడు. తెల్లారగానే ఉత్తకాళ్లతో పరుగెత్తుతాడు. పరుగెత్తి వచ్చి మళ్లీ ఆ బూట్లనే తిడతాడు. పక్కన ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం నాది. గోడ అవతలి తిట్లు రోజూ నాకు వినబడతాయి. నా దగ్గర ఫ్యాను కొనడానికి వచ్చినవాళ్లు కూడా ఒక్కోసారి భయం భయంగా తమ కాళ్లవైపు చూసుకుంటారు.

ఒకరోజు ఓ బ్యాంకు ఆఫీసరు వచ్చాడు.

“ఉరికెటందుకు మంచి షూస్ చూపెట్టున్రి.”

“ఎన్నేండ్ల సంది ఉరుకుతాన్నవ్?” అన్నాడు కరీం భాయ్.

“ఇంకా షురూ చెయ్యలే. షూస్ కొన్నంక చేద్దామని.”

కరీం భాయ్ లేచి నిలబడ్డాడు. “అంటే కాళ్లు ఇన్నేండ్లు బూట్ల కోసమే ఆగినయా? పైనోడు నీకు పాదాలిచ్చిండా, అట్టడబ్బాలిచ్చిండా? ఏదీ, వేళ్లు కదిలియ్యి. యా అల్లా! కదుల్తనే లేవు! నీతోపాటు అవి గూడ బ్యాంకుల కుర్చీ ఏసుకొని కూసున్నయి!”

ఆఫీసరు వెనక్కి తిరిగేలోపు లోపలి నుంచి తాహెరా బేగం వచ్చింది. కరీం భాయ్ భార్య.

“సారూ, మీరు గిటు రాన్రి. తిట్టుడు ఆయన పని, అమ్ముడు నా పని. సైజు చెప్పున్రి.”

ఆ దుకాణం నడిచే పద్ధతే అది. ఆయన తరిమినవాళ్లను ఆవిడ పట్టుకుంటుంది. కొందరైతే తిట్లు తినడానికే వస్తారని నా అనుమానం. ఊరికే రావడం బాగుండదని ఒక జత కొనుక్కుని పోతారు.

పొద్దున పరుగు ఖిలా వరంగల్ దాకా పోయి వెనక్కి వస్తుంది. మనుషులు పరుగెత్తి వచ్చాక ఇంటికి పోతారు, మంచినీళ్లు తాగుతారు. కరీం భాయ్ అలా కాదు. ముందు తగువు తీర్చుకోవాలి. దారిలో కాలికి దిగిన మేకు పట్టుకుని టెంట్ హౌస్ వీరభద్రం ఇంటి తలుపు కొడతాడు.

“వీరభద్రం! నీ పందిరి నా కాళ్ల దిగింది. తీస్కో!”

“అది నాదేనని ఎట్ల చెప్తవ్ భాయ్?” అని వీరభద్రం పళ్లు తోముకుంటూనే అడుగుతాడు.

“నిన్న రాత్రి ఆడ పందిరేసింది నువ్వు. మల్ల మేకు నా తాతదా?”

మా గల్లీలో కంకర పోసి రోలరు పంపడం మరిచిపోయిన రోజున, ఆ కంకర మీదే నిలబడి మున్సిపాలిటీకి ఫోన్ చేశాడు. “ఎవరు మాట్లాడేది” అని అవతలి మనిషి అడిగి ఉంటాడు. “ఎవరినా? కాళ్లను మాట్లాడుతాన్న! నీ కంకర మీద నిలవడ్డ కాళ్లను!” అని అరిచాడు. ఆ సాయంత్రమే రోలరు వచ్చింది. ఇంకోసారి ఆ ఫోను రాకూడదనే పంపారని అందరమూ అనుకున్నాం.

ఆయన కొడుకు షారుఖ్ తండ్రి కాళ్లను చూడలేక ఆన్‌లైన్లో ఒక వింత జోడు తెప్పించాడు. పల్చటి అడుగు, వేలికొక అర. ఉత్తకాళ్లతో పరుగెత్తినట్టే ఉంటుందట, రాయి మాత్రం గుచ్చుకోదట. కరీం భాయ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఇవి కాళ్లకా, చేతులకా?”

“కాళ్లకే అబ్బాజాన్.”

“కాళ్లకు గ్లౌజులేంది బేటా? నేను ఉరుకుడా, ఆపరేషన్ చేసుడా?”

ఆ జోడుతో ఇప్పుడు తాహెరా బేగం పొయ్యి మీది బిర్యానీ డేక్చా దించుతోంది. బాగా పనికొస్తోందట.

ఆయన నోటి నుంచి నేనూ తప్పించుకోలేదు. డాక్టరు షుగరని చెప్పిన రోజు హైదరాబాద్ పోయి, మెత్తటి అడుగున్న ఖరీదైన బూట్లు తెచ్చుకున్నాను. కరీం భాయ్ బొటనవేలితో అడుగు నొక్కి చూసి, “ఇది బూటా, పరుపా? ఉరుకుతవా, పండుకుంటవా?” అన్నాడు. పౌరుషం వచ్చి మర్నాడు నేనూ ఉత్తకాళ్లతో కోట దాకా పరుగెత్తాను. తిరిగి ఆటోలో వచ్చాను. మా ఆవిడ నా అరికాళ్లకు మందు రాస్తూ కరీం భాయ్‌ని తిట్టింది. అది న్యాయం. కానీ కరీం భాయ్ మా ఇంటికొచ్చి నన్ను తిట్టాడు! “నిన్నెవడు ఉరుకుమన్నడు గంత దూరం? ముందు వాకిట్ల నడువాలె. మల్ల గల్లీల నడువాలె. చిన్న పిల్లలు పుట్టంగనే ఉరుకుతరా?” ఈ ముక్క ముందే చెప్పొచ్చు కదా అంటే, “నువ్వు అడిగినవా?” అన్నాడు.

సరే, ఇదంతా నవ్వుకునే కోపం. అసలు కోపం మొన్న ఫిబ్రవరిలో వచ్చింది, నాకు.

హన్మకొండ నుంచి ఖిలా వరంగల్ దాకా పెద్ద పరుగు పందెం పెట్టారు. నడిపేది రాజేశ్వర్ రావు గారు, ప్లాట్ల వ్యాపారి. డబ్బు పెట్టేది ఒక బూట్ల కంపెనీ. అందుకని బూట్లు లేనివాళ్లకు ప్రవేశం లేదన్నది మొదటి నియమం. అది అలా ఉంచితే, ఆ పందేనికి హైదరాబాద్ నుంచి ఒక కోచ్ వస్తున్నాడు. బడి ఆడపిల్లల్లో బాగా పరుగెత్తిన అమ్మాయిని స్పోర్ట్స్ హాస్టల్‌కి తీసుకుపోతాడు. చదువు, తిండి, శిక్షణ అన్నీ వాళ్లే చూసుకుంటారు.

పందేనికి నాలుగు రోజుల ముందు స్నేహలత అనే పీఈటీ మేడం ముగ్గురు పిల్లలను జీపులో తీసుకుని కరీం భాయ్ దుకాణానికి వచ్చింది. ఏటూరునాగారం అవతల ఒక హాస్టల్ బడిలో పని చేస్తుందామె. ముగ్గురిలో ముందు నిలబడ్డ పిల్ల పేరు సారక్క. సన్నగా, పొడుగ్గా, ఎవరికీ భయపడని కళ్లతో ఉంది. నేను టీ తాగుతూ అక్కడే ఉన్నాను.

“చాచా, ముగ్గురికి షూస్ కావాలె. లేకుంటే పందెంల ఉరుకనియ్యరట,” అంది స్నేహలత.

కరీం భాయ్ సారక్క కాళ్ల దగ్గర గొంతుక్కూర్చున్నాడు. “ఎన్నడన్న బూట్లేసుకొని ఉరికినవా బిడ్డా?”

“పోయినేడు ఎవలో ఇచ్చిండ్రు తాతా. గవి ఏసుకొని ఉరికితె సగం దూరంల బొబ్బలు లేసి కూలవడ్డ.”

“ఉత్తకాళ్లతోని అయితే?”

“ఉత్తకాళ్లతోని అయితే నన్ను ఎవ్వలు అందుకోలేరు.”

గొప్పకు చెప్పినట్టు లేదు. ఆకలేస్తోంది అన్నంత మామూలుగా చెప్పింది. కరీం భాయ్ లేచి, దించిన డబ్బాలన్నీ మళ్లీ పైన పెట్టేశాడు.

“నా దుకాణంల మీకు బూట్లు లెవ్వు. పోండ్రి!”

“చాచా, గేటు కాడనే ఆపుతరు...”

“లెవ్వంటే లెవ్వు! ఒకసారి చెప్తే ఇనవడదా?”

తాహెరా బేగం వస్తుందని నేను లోపలికి చూశాను. ఆ రోజు ఆవిడ కూడా రాలేదు. స్నేహలత కళ్లనీళ్లు కనబడకుండా తల తిప్పుకుని పిల్లలను జీపెక్కించింది. వేరే దుకాణంలో నేనే కొనిద్దామని గ్లాసు కింద పెట్టి పరుగెత్తేసరికి జీపు మలుపు తిరిగిపోయింది. నా ఒళ్లు మండిపోయింది.

“భాయ్, నీ పిచ్చి నీ కాళ్ల కాడనే ఉంచుకోవాలె! ఆ పిల్ల బతుకు మీద రుద్దుతాన్నవేంది?”

“పోయి నీ బల్బులు నువ్వు అమ్ముకో పో!”

పోయాను. ఆదివారం దాకా ఆయన ముఖం చూడలేదు. గోడ అవతల తిట్లు వినబడితే నా దుకాణంలో ఫ్యాన్లన్నీ ఆన్ చేసుకున్నాను.

ఆదివారం పొద్దున హన్మకొండలో వీధి నిండా జనం. నేనూ నా పరుపుల బూట్లు వేసుకుని పోయాను. గేటు దగ్గర వాలంటీర్లు ఒక్కొక్కరి కాళ్లే చూసి లోపలికి వదులుతున్నారు. అంతలో గేటు దగ్గర నాకు బాగా తెలిసిన గొంతు లేచింది.

“బూట్లు లేకుంటే మనిషే కాదా? అడుగుతాన్న, జవాబు చెప్పు!”

ఛాతీకి నంబరు కట్టుకుని, ఉత్తకాళ్లతో కరీం భాయ్. రాజేశ్వర్ రావు గారు మైకు చేత్తో పట్టుకునే వచ్చారు.

“కరీముద్దీన్ గారూ, రూలంటే రూలే. మీ కాళ్లకు దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిది?”

“దెబ్బ నాకు దాకితే నొప్పి నీకెందుకు? నీకా, నీ బూట్ల కంపెనీకా?”

మైకు ఆన్‌లోనే ఉంది. వీధంతా వింది, నవ్వింది. రాజేశ్వర్ రావు గారి ముఖం ఎర్రబడింది. “ఇతన్ని పక్కకు తప్పించండి!” అన్నారు. నలుగురు వచ్చి పట్టుకోబోయేసరికి కరీం భాయ్ గేటుకు అడ్డంగా వెల్లకిలా పడుకున్నాడు.

“తొక్కుకుంట పోండ్రి! మీకు బూట్లున్నయి గద!”

ఇక నేను ఆగలేకపోయాను. జనాన్ని తోసుకుంటూ పోయి ఆయన చెయ్యి పట్టి లాగాను. “సిగ్గుండాలె భాయ్! పాపం ఆ పిల్లలను ఎల్లగొడ్తివి. ఇప్పుడు ఊరందరి ఉరుకుడు ఆపుతాన్నవా? నువ్వు మనిషివేనా?” నాలుగు రోజులుగా దాచుకున్నవన్నీ తిట్టాను. ఆయనా తగ్గలేదు. రాజేశ్వర్ రావు గారు మైకులో అరిచి, ఉన్న వాలంటీర్లందరినీ అక్కడికే పిలిచారు. సగం మంది ఆయన్ను పట్టుకుంటే, సగం మంది నన్ను పట్టుకున్నారు. చుట్టూ ఫోన్లు పైకి లేచాయి. గేటు మూసుకుపోవడంతో మిగతావాళ్లు పక్కనున్న కంచె జరుపుకుని లోపలికి పోవడం మొదలుపెట్టారు. కాళ్లు చూసే తీరిక ఎవరికీ లేదు.

తుపాకీ పేలింది. కరీం భాయ్ ఆ క్షణమే లేచి, వీపు దులుపుకున్నాడు.

“ఉరుకు మియా! ఏం చూత్తాన్నవ్?” అని నన్నే కసిరి, పట్టుకున్నవాళ్లు తేరుకునేలోపు జనంలో కలిసిపోయాడు.

నేను ఆయాసపడుతూ కోటకు చేరేసరికి అక్కడ పెద్ద గుంపు. గుంపు మధ్యలో సారక్క. ఆడపిల్లల్లో ఆమే మొదట వచ్చింది, ఆమె వెనక వచ్చిన పిల్ల ఇంకా కనుచూపు మేరలో లేనప్పుడే వచ్చిందట. రాజేశ్వర్ రావు గారు ఆమె ముఖం చూడటం లేదు, దుమ్ముకొట్టుకున్న పాదాలు చూస్తున్నారు.

“ఈ పిల్లను లోపలికెవరు రానిచ్చిండ్రు? గేటు కాడ ఎవడున్నడు?”

వంశీ అనే వాలంటీరు నీళ్లు నమిలాడు. “ఎవ్వలు లేరు సార్. అందరం ఆ ముసలాయన కాడనే ఉంటిమి. మైకుల మీరే పిలిస్తిరి.”

నాకు అప్పుడు తట్టింది. తట్టి, ఇంకా కోపం వచ్చింది.

రాజేశ్వర్ రావు గారు బహుమతి రద్దు చేశారు. కోచ్ మాత్రం చేతిలోని స్టాప్‌వాచ్ వైపు ఇంకోసారి చూసుకుని, “బహుమతి మీ ఇష్టం సార్. అమ్మాయిని నేను తీసుకుంటున్నాను,” అన్నాడు. ఆ బహుమతి ఏమిటో తర్వాత తెలిసింది. కంపెనీవారి బూట్లు ఒక జత.

స్నేహలత ఏడుస్తూ నవ్వుతూ అసలు సంగతి చెప్పింది. తమను తిట్టి పంపిన మర్నాడే కరీం భాయ్, తాహెరా బేగం బస్సెక్కి ఏటూరునాగారం పోయారట. “బూట్లిస్తే ఈ పిల్ల మల్ల కూలవడ్తది. గేటు సంగతి నాకిడిచిపెట్టు. నేను లొల్లి షురూ చెయ్యంగనే మీరు పక్కకెల్లి లోపలికి పోండ్రి,” అన్నాడట. అంత దూరం పోయి చెప్పడం దేనికి, ఫోన్ చేయొచ్చు కదా అంటే, దుకాణంలో పిల్లల మీద అరిచాడు కదా, అన్నం సయించలేదట.

కరీం భాయ్ ఒక రాతిమీద కూర్చుని పాదాలు దులుపుకుంటున్నాడు. మీద పడ్డాను.

“నాకెందుకు చెప్పలే?”

“నీకు చెప్తే పేపర్ల ఏసినట్టే. ఇంకోటి, నువ్వు నిజంగ తిట్టాలె. నీకు యాక్టింగ్ రాదు.”

పక్కనున్న తాహెరా బేగం మెచ్చుకోలుగా తలూపింది. “మస్తు తిట్టినవ్ భయ్యా. ఇన్నేండ్ల సంది నాకు గూడ గంత మంచిగ తిట్టరాలే.”

హైదరాబాద్ పోయే ముందు సారక్క మట్టెవాడ వచ్చింది. ఆ హాస్టల్లో బూట్లు లేకుండా కుదరదట. కరీం భాయ్ పాత పేపరు నేల మీద పరిచి, దాని మీద ఆమెను నిలబెట్టి, మోకాళ్ల మీద కూర్చుని పాదం చుట్టూ పెన్సిలు గీస్తున్నాడు.

“కదలకు! గిలిగింతలైతే ఓర్సుకో!”

“తాతా, బూట్లు మంచియి కావంటివి గద?”

“మంచియి కానే కావు! అందుకే నేను కుడుతాన్న. అడుగు పల్చగ, వేళ్ల కాడ ఎడల్పుగ. ముందు రూముల నుంచి మెస్సు దాక ఏస్కొని నడువు. అలవాటైనంకనే గ్రౌండుకు. తొందరపడ్డవనుకో, హైదరాబాద్ వచ్చి మరీ తిడత!”

“ఎప్పుడొస్తవ్?” అంది సారక్క, కళ్లు పెద్దవి చేసుకుని.

కరీం భాయ్ పెన్సిలు ఆగిపోయింది. గుమ్మంలో నిలబడ్డ నావైపు మండిపడుతూ చూశాడు.

“నిలవడి చూత్తాన్నవేంది శ్యాంసుందర్? ఆదివారం హైదరాబాద్ బస్సు ఎన్ని గంటలకో కనుక్కో పో!”