మావయ్యగారి ఎడమ పెడలు

ముందే చెప్పేస్తున్నాను. నేను చెప్పేదాంట్లో పావు వంతు తీసేసి వినడం మా ఇంట్లో అందరికీ అలవాటు. మా ఆవిడైతే సగం తీసేస్తుంది. "వానొస్తోంది" అని నేను అరిస్తే, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి చూసుకుంటే గానీ ఆరేసిన బట్టలు తియ్యదు. మీరు కూడా మీకు తోచినంత తగ్గించుకుని చదవండి. సైకిలు మాత్రం నిజం. దాని మీద కూర్చున్న మావయ్యగారూ నిజం.

మావయ్యగారంటే మా ఆవిడ నాన్నగారు. బాపట్లలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఊళ్ళో ఆయన దగ్గర చదువుకోనివాళ్ళంటూ ఉంటే, వాళ్ళు పుట్టకముందే ఊరొదిలి పోయుండాలి. మాస్టారు ఎదురుపడితే సైకిలు దిగి నిలబడి నమస్కారం పెట్టడం అప్పటి మర్యాద. అక్కడితో అయిపోతే బాగానే ఉండేది. శిష్యుడు దిగాడు గదా అని ఈయనా దిగేవారు. "ఏరా, బాగున్నావా? నాన్నెట్టా ఉన్నాడు?" అనేవారు. అడిగిన తర్వాత జవాబు వినాలి గదా. విని ఎక్కేలోపు వెనకాల ఇంకోడు దిగి నిలబడి ఉండేవాడు. ఆదివారం అత్తయ్యగారు నడిచి వెళ్ళి చర్చిలో మొదటి పాటకి అందుకునేవారు. సైకిలు మీద ఆవిడకన్నా ముందు బయల్దేరిన మావయ్యగారు, పాస్టరయ్యగారి ప్రసంగం సగంలో ఉండగా చేరేవారు.

తొంభైల మొదట్లో ఆయనకి పక్షవాతం కాస్త తగిలి పోయింది. మాట తిరిగొచ్చింది, చెయ్యి తిరిగొచ్చింది. ఎడమ పాదం ఒక్కటే సరిగా రాలేదు. నడిస్తే ఈడ్చాల్సిందే. సైకిలెక్కితే తొక్కుడంతా కుడికాలే చూసుకునేది గానీ, ఎడమ పాదం పెడలు మీద నిలిచేది కాదు, పక్కకి జారిపోయేది. అట్టా జారే రైల్వే గేటు దగ్గర పడ్డారు. మోచెయ్యి దోక్కుపోయింది. అత్తయ్యగారు ఆ పూటే తీర్పు చెప్పేశారు: "ఇంకోసారి పడ్డారంటే సైకిలు పాత సామాన్లవాడికేనండీ. ఇక నాతో వాదించొద్దు."

నేనప్పుడు తెనాలిలో ఉద్యోగం. ఆ ఆదివారం వెళ్ళేసరికి ఆయన వరండాలో సైకిలు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు, దానికే ఒంట్లో బాగోలేనట్టు.

"నడిస్తే అందరూ కాలు చూస్తున్నారు అల్లుడూ," అన్నారు. "సైకిలు మీదైతే మొహం చూస్తారు."

ఈ మాటలో నేను ఒక్క అక్షరం పెంచలేదు.

రేపల్లెలో నా స్నేహితుడొకడున్నాడు. వాడి బావమరిది ఓడల్లో పనిచేస్తూ ఎక్కడెక్కడివో పుస్తకాలు తెచ్చి పడేసేవాడు. అందులో ఒక సైకిళ్ళ పత్రిక కనపడింది. నాలాంటివాడి చేతిలో అది పడకుండా ఉండాల్సింది. బూటు అడుగున చిన్న ఇనప ముక్క, పెడలుకి దాన్ని కరిచిపట్టే నోరు. తొక్కితే టక్కున పట్టుకుంటుందట, మడమ బయటికి తిప్పితే వదిలేస్తుందట. పందేలకి పోకుండా రోడ్డు మీద హాయిగా, షికారుగా తొక్కేవాళ్ళు ఏది ఎంచుకోవాలో కూడా రాశారు. ఇనప ముక్క అడుగులోకి దిగి ఉన్న బూటైతే నడిచేటప్పుడు టకటకలాడదట. పట్టు వదులుగా ఉండి ఇట్టే ఊడొచ్చే పెడలైతే కొత్తవాళ్ళకి మంచిదట. మొదటిది శ్రద్ధగా చదివాను. రెండోది చదివేటప్పుడు ఫలహారం వచ్చింది.

తెనాలి సైకిలు షాపు భాయ్ ముందు ఆ పత్రికలో బొమ్మ పెట్టాను.

"పాదం పెడలుని వదలకూడదు భాయ్."

"కట్టెయ్యమంటారా?"

"కట్టకూడదు. అతుక్కోవాలి. కావాలన్నప్పుడు ఊడిరావాలి."

"అట్టాంటిది ఉంటే ముందు మా బావమరిదిని కొట్టుకి తగిలిస్తానండి. తలుపు తీసిన గంటకే మాయమవుతాడు."

అయినా ఉన్న పెడళ్ళన్నీ బల్ల మీద పరిచాడు. రబ్బరుది మెత్తన, వానొస్తే సబ్బుబిళ్ళ. పళ్ళున్న ఇనపది గట్టి పట్టే గానీ చెప్పుల్ని నమిలేస్తుంది. పందెం సైకిలు నుంచి ఊడదీసింది ఇంకోటుంది, దానికి ముందు ఇనప బోను, పైన తోలు పట్టీ. వేళ్ళు అందులో దూర్చడమంటే ఎలకకి నేర్పినట్టు నేర్పాలి. చివరికి ఇనప పెడలు తీసుకుని, వెనక క్యారియర్ స్ప్రింగు కోసి దానికి నోరు తయారుచేశాడు.

ఇక బూట్లు. మావయ్యగారు పుట్టిన దగ్గర్నుంచీ తోలు చెప్పుల మనిషి. చెప్పులేసుకుని మడమ తిప్పితే చెప్పు పెడలు దగ్గరే ఉండిపోయి, మనిషొక్కడే వస్తాడు. గుడ్డ బూట్ల అడుగు ఇనప ముక్కని ఆపలేదు. ఆఫీసు బూట్ల అడుగు నున్నన. ఆఖరికి బడిపిల్లలేసుకునే నల్ల బూట్లలోనే దళసరి రబ్బరు అడుగున్నవి, దొరికినంత పెద్ద సైజు తెచ్చాను. అడుగు తొలిచి ఇనప ముక్క దిగ్గొట్టించాను. స్టాండు వేసి నేనెక్కి తొక్కితే టక్కుమని పట్టేసింది. వదిలేటప్పుడు భాయ్ కాస్త సాయం చేశాడు. ఆ సాయాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు.

తర్వాతి ఆదివారం బాపట్లలో ఇంటి ముందు ఆరంభోత్సవం. పంచె కింద నల్లబూట్లతో మావయ్యగారు పెళ్ళికొడుకులా ఉన్నారు. అత్తయ్యగారు గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"అల్లుడుగారూ, అది పెడలా, సంకెలా?"

"మీరు చూస్తూ ఉండండత్తయ్యా," అని పక్కింటి సైకిలు తీసుకుని వెనకాలే బయల్దేరాను.

పాదం జారలేదు. వంద గజాలు పోయేసరికి ఆయన వీపు నిటారయింది. ఇంకో వంద గజాలకి బెల్లు కొట్టారు, ఎదురుగా ఎవరూ లేకుండానే. అప్పుడు సందు మలుపులోంచి ఒక శిష్యుడొచ్చాడు. ఎక్కడో బ్యాంకులో క్యాషియరు, పెద్ద మనిషి, హ్యాండిలుకి గుడ్ల సంచి. చూడగానే దిగిపోయి, "నమస్కారం సార్!" అన్నాడు.

మడమ తిప్పడం గురించి నేను దారంతా చెబుతూనే ఉన్నాను. కానీ శిష్యుడు దిగాక దిగకుండా ఉండటం ఆ మనిషికి తెలీదు. కుడికాలు సీటు మీదుగా వెనక్కి వచ్చేసింది. ఎడమకాలు నేల మీదికి రావాలి. అది స్ప్రింగు నోట్లో ఉంది. అమెరికా, రష్యా కలిసి లాగినా ఊడేట్టు లేదు. మావయ్యగారు, సైకిలు, నా పరిశోధన, అన్నీ కలిసి క్యాషియరు మీద ఒరిగాయి. అతను సంచి వదిలేసి ఆయన్ని రెండు చేతులా పొదివి పట్టుకున్నాడు. గుడ్ల సొన ఆ వీధి చివరిదాకా పారిందని నేను చెబుతుంటాను. మావయ్యగారు అతని చేతుల్లో అడ్డంగా పడుకునే, "ఏరా, నాన్నెట్టా ఉన్నాడు?" అన్నారు.

బూటు విప్పి కాలు విడిపించి, చొక్కా నిండా పచ్చసొనతో ముగ్గురం ఇంటికొచ్చాం. అత్తయ్యగారు ఆయన్ని చూడలేదు, నన్నూ చూడలేదు. సైకిలు వంక చూశారు.

"పడ్డారా?"

"లేదండి అమ్మగారూ," అన్నాడు క్యాషియరు. "నేనే సార్ మీద పడ్డానండి."

"నేల మీద నిలబడ్డవాడివి, సైకిలు మీదున్న మనిషి మీద పడ్డావా?"

"అవునండి. కళ్ళు తిరిగినయ్యండి."

ఆవిడ అతని చేతికి తువ్వాలిచ్చి, "ముందా సంకెల ఊడబీకండి," అన్నారు. పాత సామాన్లవాడి ఊసు ఎత్తలేదు.

మళ్ళీ తెనాలి. ఈసారి నేను నోరు మూసుకున్నాను. రబ్బరు పెడలు, బయటివైపు జారకుండా చిన్న ఇనప అంచు, పైన వదులుగా తోలు పట్టీ. కాలికి వెనక బెల్టున్న ఆయన పాత చెప్పులే. పాదం నిలిచింది, లాగితే వచ్చేది. అయితే ఎడమకాలి మీద బరువు మోపి దిగడం మాత్రం కుదరదు. చేరిన చోట అరుగు పక్కన ఆపి, కుడికాలు అరుగు మీద పెట్టి దిగాలి. దారి మధ్యలో దిగడం ఇక లేదు.

దీనికి ఊరు సహకరించాలి. క్యాషియరు వెళ్ళేటప్పుడే నాతో అన్నాడు: "ఇక సార్ కనపడితే నేను దిగనండి. నేను దిగితే ఆయన దిగుతారు." ఆ మాట ఊరంతా పాకింది. స్టేషనెదురు టిఫిన్ హోటల్లో పాత విద్యార్థులంతా కూడారు. ఇక మీదట సార్‌కి సైకిలు మీంచే నమస్కారం పెట్టాలనీ, ఎవరూ దిగకూడదనీ తీర్మానం చేశారు. చట్నీ రెండుసార్లు వేయించుకుని ఏకగ్రీవంగా ఆమోదించారు.

మావయ్యగారు రోజూ తొక్కడం మొదలెట్టారు. చర్చికి పాటకి ముందే చేరిపోయి, ఖాళీ బెంచీల మధ్య ఏం చెయ్యాలో తెలీక కూర్చునేవారు. ఒక్కసారి కూడా పడలేదు. అయినా నేను వెళ్ళినప్పుడు మనిషి డీలాగా ఉన్నారు. అన్నం ముందు కూర్చుని కలపకుండా అడిగారు: "ఊళ్ళో ఎవరూ దిగటం లేదు అల్లుడూ. కాలు పోయినవాడికి దిగేదేంటనుకుంటున్నారా?"

అప్పుడు హోటల్లో మీటింగు సంగతి చెప్పాను.

మర్నాడు పొద్దున్నే సైకిళ్ళ మీద కర్లపాలెంలో ఉన్న వాళ్ళక్కగారింటికి బయల్దేరదీశారు నన్ను. దారిలో ఒక కుర్రాడు మోపెడ్ మీద దుమ్ము రేపుకుంటూ మా పక్క నుంచి పోయాడు. మమ్మల్ని చూడనైనా లేదు. మావయ్యగారు వెనక్కి తిరిగి నావైపు మురిపెంగా చూశారు.

"చూశావా? వీడికీ చెప్పారన్నమాట!"

ఇప్పుడు తీసెయ్యాల్సింది నేనే తీసేస్తాను. హోటల్లో మీటింగు జరగలేదు. క్యాషియరు అన్న మాట నిజం, అది అతనొక్కడి మాట. మిగతావాళ్ళు మోపెడ్లూ స్కూటర్లూ కొనుక్కున్నారు. అప్పటికి ఎవరికోసమూ ఎవరూ దిగటం లేదు. తీర్మానం, చట్నీ, ఏకగ్రీవం, ఇవన్నీ ఆ అన్నం ముందు కూర్చుని నేను అల్లినవే. పెంచి చెప్పడం అలవాటున్నవాణ్ణి గనక పెద్ద కష్టపడలేదు. ఒక్క చోట మాత్రం తడబడ్డాను. అంతా విని ఆయన, "అధ్యక్షత ఎవరు వహించారు?" అని అడిగారు. అది నేను ఆలోచించి పెట్టుకోలేదు. నోటికొచ్చిన పేరు చెప్పాను.

"వాడా!" అన్నారు మావయ్యగారు. "నిలబడి ఎక్కం చెప్పమంటేనే ఏడ్చేవాడు గదయ్యా వాడు!"

కంచం దగ్గరికి లాక్కుని, పప్పు ఇంకాస్త వెయ్యమన్నారు.