శ్రుతి మావయ్య హార్మోనియం

మా మేనమామని వీధిలో అందరూ ‘శ్రుతి మావయ్య’ అనేవారు. సొంత మేనకోడల్ని నేనొక్కదాన్నే అయినా ఆయన అందరికీ మావయ్యే. హార్మోనియంలు బాగుచేయడం ఆయన వృత్తి. ఇంటి ముందుగదే దుకాణం. కిటికీ పక్క బల్ల మీద ఇత్తడి రీడ్లు వరసగా పరుచుకుని, ఒక్కోదాన్ని నోటి దగ్గర పెట్టి ఊది, సన్నటి ఆకురాయితో రెండుసార్లు గీకి, మళ్ళీ ఊదేవారు. కొసన గీకితే స్వరం పెరుగుతుంది, మొదలు దగ్గర గీకితే తగ్గుతుంది. ఆయన చెవికి వెంట్రుకవాసి తేడా తగిలినా ఆ రీడు బల్ల దిగేది కాదు.

ఉద్యోగం దొరికిన కొత్తలో నేను నాలుగేళ్ళు వాళ్ళింట్లోనే ఉన్నాను. అద్దె గది చూసుకుంటానంటే అత్తయ్య నా పెట్టెని మంచం కిందకి తోసేసి, “చూసుకో. పెట్టె లేకుండా ఎలా వెళ్తావో నేనూ చూస్తా,” అంది. ఆ నాలుగేళ్ళలోనే ఈ సంగతంతా నా కళ్ళముందు జరిగింది.

మావయ్యకి అన్నం పెట్టింది ఆ చెవే. దేవుడి ముందు నిమ్మళంగా కూర్చోనివ్వనిదీ ఆ చెవే.

పిండిమర మేడ మీద ప్రతి శనివారం సాయంత్రం భజన జరిగేది. మావయ్యా అత్తయ్యా ఏళ్ళ తరబడి వెళ్తున్నారు. అక్కడ ముందుండి పాడేది మా వీధి చివర ఇస్త్రీ బండి పెద్దాయన. గొంతు కంచుగంటే. శ్రుతికీ ఆయనకీ మాత్రం చుక్కెదురు. ఆయన ఎత్తుకున్నప్పుడల్లా మావయ్య మొహం చేదుమాత్ర మింగినట్టు అయిపోయేది.

“దేవుడికి చెవులు లేవనుకుంటున్నాడా ఈయన?” అని మెట్లు దిగుతూ విసుక్కునేవారు.

“ఉన్నాయి. మీలాంటివి కావు, అంతే,” అనేది అత్తయ్య.

మనసు పట్టుకు వేలాడుతున్నవి వదిలితేగానీ భక్తి నిలవదని ఎవరో పెద్దలు చెప్పగా విని, మావయ్య ఒక ఏడాది వదలడం మొదలుపెట్టారు. టీ మానేశారు. మంచం వదిలి చాప మీద పడుకున్నారు. కొత్త చొక్కా కుట్టిస్తానంటే వద్దన్నారు. మూడు నెలలు గడిచాయి. భజనలో చిరాకు ఆవగింజంత కూడా తగ్గలేదు.

“ఇన్ని వదిలినా నాకెందుకు కుదరడం లేదే?” అన్నారు ఒకరోజు భోజనాల దగ్గర.

అత్తయ్య గరిటె కింద పెట్టింది. “టీ తాగితే మీకు కడుపులో మంట. మంచం ఎక్కితే నడుం నొప్పి. చొక్కాల మీద మోజు మీకెప్పుడుంది కనక? అవి మీరు వదిలినవి కావు, మిమ్మల్ని వదిలేసినవి. వదలమంటే ప్రాణం గిలగిల్లాడేది ఈ ఇంట్లో ఒక్కటే ఉంది,” అని లోపలి గది వైపు చూసింది.

అక్కడ, పట్టుబట్ట కప్పిన చిన్న బల్ల మీద, మావయ్య సొంతంగా చేసుకున్న హార్మోనియం ఉండేది. పదకొండేళ్ళు పట్టిందట. చేతికొచ్చిన వేల రీడ్లలోంచి ఒక్కొక్కటీ ఏరుకుని దాచి చేసింది. రోజూ సాయంత్రం తలుపు వేసుకుని ఒక్కరే కాసేపు వాయించుకునేవారు. దాని మీద దుమ్ము కూడా నన్ను తుడవనిచ్చేవారు కాదు.

మావయ్య మజ్జిగ పోసుకోకుండానే లేచిపోయారు.

ఆ వారంలోనే భజన హార్మోనియం పాడైంది. ఎలుకలు గాలితిత్తి కొరికేశాయి, రీడ్లకి చిలుం పట్టింది. ఇస్త్రీ పెద్దాయనే దాన్ని నెత్తిన పెట్టుకుని మోసుకొచ్చాడు.

“ఆరు వారాలు పడుతుంది,” అన్నారు మావయ్య.

“అప్పటిదాకా వాయించుకోడానికి ఏదన్నా ఉందా మాస్టారూ? పాతదైనా ఫర్వాలేదు.”

“లేదయ్యా. నా దగ్గరేం లేదు.”

పెద్దాయన తలూపి వెళ్ళిపోయాడు. నేను గుమ్మంలోనే ఉన్నాను. మావయ్య నా వైపు చూడకుండా ఆకురాయి అందుకున్నారు.

మూడు రోజులు ఆయనకి అన్నం సయించలేదు. నాలుగో రోజు పొద్దున్న పూజ మధ్యలో లేచొచ్చి, తల దువ్వుకుంటున్న నా పక్కన కూర్చున్నారు. “కళ్ళు మూసుకుంటే దేవుడు కనబడ్డం లేదమ్మడూ, ఆ హార్మోనియం పెట్టె కనబడుతోంది. దాని కోసం నోరారా అబద్ధం ఆడాను.”

“పోనీ, ఆరు వారాలు అరువివ్వండి మావయ్యా,” అన్నాను.

“అరువిస్తే ఆరు వారాలూ అది ఎప్పుడొస్తుందా అనే చూస్తాను. నా సంగతి నాకు తెలీదూ?”

ఆ మధ్యాహ్నమే రిక్షా పిలిచి, హార్మోనియం ఒళ్ళో పెట్టుకుని ఎక్కారు. నేనూ వెంట వెళ్ళాను. దారిలో ఇస్త్రీ బండి దగ్గర ఆపించారు.

“అన్నా, మొన్న లేదని అబద్ధం చెప్పాను. ఇది నాదే. ఇక నుంచి భజనది.”

పెద్దాయన ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి నవ్వాడు. “తెలుసు మాస్టారూ. దాని మీద కప్పే పట్టుబట్ట నెలనెలా ఇస్త్రీ చేసేది నేనే కదా.”

మావయ్యకి దొంగకి తేలు కుట్టినట్టయింది. “మరి అప్పుడే అడగలేకపోయావా?”

“లేదన్నాక ఎలా అడుగుతాను? మీకూ ఏదో కష్టం ఉండుంటుంది అనుకున్నా.”

ఇచ్చినంత మాత్రాన తేలికైపోయిందనుకుంటే పొరపాటే. హార్మోనియం వాయించేది పిండిమర యజమాని కోడలు. వేళ్ళతో నొక్కే మెట్లని పిండి జల్లెడ పట్టినట్టు బాదేది. మొదటి శనివారం ఒక మెట్టు అంచు లేచిపోయింది. మావయ్య ఇంటికొచ్చి దుప్పటి కప్పుకుని పడుకున్నారు. రెండో శనివారం లోపలికి వెళ్ళలేక మేడమెట్ల మీదే కూర్చుండిపోయారు. మూడోవారం అత్తయ్య చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. ఆ తర్వాత లెక్కపెట్టడం నేనూ మానేశాను.

వానాకాలంలో ఒక శనివారం. ఇస్త్రీ పెద్దాయన ఎప్పటిలాగే శ్రుతి వదిలేసి ఎక్కడికో వెళ్ళిపోయి పాడుతున్నాడు. నేను అలవాటుగా మావయ్య మొహం చూశాను. కళ్ళు మూసుకుని ఉన్నారు. పాడుతున్నారు. ఇన్నేళ్ళలో ఆయన అక్కడ పెదవి కదపడం ఎవరూ చూడలేదు. పాట అయ్యాక అత్తయ్య ఆయన చెవి దగ్గరకి వంగింది.

“ఏవండీ, మీకు శ్రుతి తప్పింది.”

“నిజంగానా?” అన్నారు మావయ్య. తర్వాత నవ్వు ఆపుకోలేకపోయారు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. “ఆయన పాటలో మాటలు ఇవ్వాళే విన్నానే. ఎంత బావున్నాయి! ఇన్నాళ్ళూ స్వరాలు ఏరుకుంటూ కూర్చున్నాను.”

దుకాణంలో మాత్రం ఆ చెవి పదును ఏమీ తగ్గలేదు. వెంట్రుకవాసి తేడా ఉన్న రీడు అప్పుడూ బల్ల దిగేది కాదు. బాగుచేసిన భజన పాత హార్మోనియాన్ని, బదులుగా ఉంచుకోమని వాళ్ళన్నా, ఆయన ఇంట్లో పెట్టుకోలేదు. పక్కవీధి బడికి ఇచ్చేశారు. సాయంత్రాలు తలుపు వేసుకోవడం మానేసి, అరుగు మీద అత్తయ్యతో కబుర్లు చెప్పుకునేవారు. టీ కూడా మళ్ళీ మొదలుపెట్టారు, మంట పుట్టినా సరే.

నాకు వేరే ఊరికి బదిలీ అయిన నెలలో ఒక శనివారం పిండిమర మేడకి కాస్త ముందుగా వెళ్ళాను. మావయ్య ఒక్కరే ఉన్నారు. గది ఊడ్చి చాపలు పరుస్తున్నారు.

“ఈ పని మీకెవరు చెప్పారు మావయ్యా?”

“ఎవరూ చెప్పలేదు. పదేళ్ళు వీళ్ళ మధ్య మొహం చిట్లించుకుని కూర్చున్నానమ్మడూ. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, లేచి పొమ్మనలేదు. ఆ చివర పట్టుకో.”

నేను చాప రెండో కొస పట్టుకున్నాను. ఇద్దరం కలిసి కిటికీ దాకా పరిచాం.