తలపిన్ను

విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పుస్తకాలు వాపసు తీసుకునే కౌంటరు దగ్గర కూర్చునే ఆవిడ ముఖం సరిగ్గా చూసినవాళ్లు తక్కువ. తల ఎత్తితే కదా! వచ్చిన పుస్తకాన్ని రెండు అట్టలూ పట్టుకుని బోర్లించి, దుప్పటి దులిపినట్టు ఓ దులుపు దులుపుతుంది. బస్సు టికెట్లు, చాక్లెట్ కాగితాలు రాలతాయి. "పుస్తకమనుకున్నారా, చెత్తబుట్టనుకున్నారా?" అని గొణుక్కుంటూ వాటిని పక్కకి తోసేసి, "తర్వాత ఎవరు?" అంటుంది.

మొన్న ఒక పెద్దాయన సంచిలోంచి పుస్తకం తీసి ముందు పెట్టాడు. "మా అమ్మాయి తీసుకున్నదండీ. తను చనిపోయింది."

ఆ మాట బుర్రకెక్కేలోపే ఆవిడ చేతులు పుస్తకాన్ని దులిపేశాయి. నల్లటి తలపిన్ను ఒకటి బల్లమీద పడింది. ఆవిడ తల ఎత్తింది.

ఆయన పిన్ను వంకే చూస్తున్నాడు. "అంచున కనిపిస్తూ ఉండేదమ్మా. అంతవరకు చదివినట్టుంది. తెరవడానికి నాకు చెయ్యాడలేదు. ఏ పేజీలో ఉంది?"

ఆవిడ మొదటి పేజీ తెరిచింది. పిన్ను నొక్కు కోసం ఒక్కొక్క కాగితాన్నే వేలితో తడుముతూ పోయింది. వెనక వరుసలో ఎవరో విసుక్కున్నారు. చివరి అట్ట వచ్చేసింది. నొక్కు ఎక్కడా దొరకలేదు.

"పోనీలేమ్మా," అన్నాడాయన పిన్ను జేబులో వేసుకుంటూ. "మొత్తం చదివేసిందనుకుంటాను."