చెప్పులావిడకి కోత మెషిన్ ఎలా వచ్చిందంటే

మంగళవారం పొద్దున పదకొండింటికి కంపెనీ ఆఫీసరమ్మ మంచం మీద కూర్చోగానే, మంచం కింద నుంచి ముప్పై ఏడు చెప్పులు బయటికి వచ్చాయి. ముప్పై ఏడూ ఎడమ కాలివే.

ఆ మంచం మా ఎదురింటి చెప్పులావిడది. పన్నెండేళ్ళుగా ఆ ఒక్క గదిలోనే రబ్బరు షీట్లు కత్తితో కోసి చెప్పులు చేస్తోంది. సోమవారం నుంచి బుధవారం దాకా ఎడమవి, గురువారం నుంచి కుడివి. రోజూ అటూ ఇటూ మారిస్తే చెయ్యి తడబడుతుందంటుంది. ఆ చేతికి ఇప్పుడు సాయంత్రానికల్లా వేళ్ళు ముడవడం కూడా కష్టమవుతోంది.

ఇంతలో ఒక సబ్బుల కంపెనీ, మా పేటలాంటి చోట్ల సొంతంగా పని చేసుకునే ఆడవాళ్ళకి మెషిన్లు ఉచితంగా ఇస్తామంది. ఈవిడ కోత మెషిన్ అడిగింది. షరతు ఒక్కటే: వాళ్ళు చూడ్డానికి వచ్చినప్పుడు ఇంట్లో పని నడుస్తూ కనిపించాలి. అది దరఖాస్తు కాగితం చివర ఉంది. అంతదాకా ఎవరు చదివారు?

"పెద్దవాళ్ళు వస్తుంటే ఈ చెత్తేంటే? తియ్, తియ్!" అంది ఆవిడ అత్తగారు.

అత్తాకోడళ్ళు కలిసి రబ్బరంతా మంచం కిందికి తోశారు. కత్తులు పిండి డబ్బాలో దాచారు. నేను మాత్రం ఊరుకున్నానా? మా పూల దుప్పటి ఇచ్చాను. గది ఫొటో స్టూడియోలా తయారైంది.

ఆఫీసరమ్మ నాలుగు గోడలూ చూసింది. "ఏం పని చేస్తారమ్మా?"

"చెప్పులు చేస్తానండి."

"ఎక్కడ?"

"ఇక్కడేనండి."

నేల మీద రబ్బరు ముక్క లేదు. ఆఫీసరమ్మ నిట్టూర్చి, 'వ్యాపారం కనిపించలేదు' అని రాస్తూ మంచం మీద కూర్చుంది. మంచం చెక్క జారి కింద ఉన్న చెప్పుల గోనెసంచి మీద పడింది. తర్వాత జరిగింది మొదటే చెప్పాను.

"కుడివేవమ్మా?"

"గురువారం వస్తాయండి."

అంతే, చెప్పులావిడకి ఎక్కడలేని ఊపు వచ్చింది! షీటు బర్రున లాగింది. డబ్బాలోంచి కత్తి తీసి, పిండి దులిపి, మోకాళ్ళ మీద కూర్చుని సర్రుమని కోసింది. ఒకటి, రెండు, మూడు! పిండి గాల్లోకి లేచి ఆఫీసరమ్మ కళ్ళజోడు మీద పడింది. ఆవిడ కళ్ళజోడు తుడుచుకోలేదు సరికదా, "ఇంకోటి కొయ్యమ్మా, ఇంకోటి!" అంటూ రాసినంత మేరా కొట్టేసింది.

మూడు వారాలకి మెషిన్ వచ్చింది. గుమ్మంలో పట్టక తలుపులు ఊడదీయాల్సి వచ్చింది. వీధి వీధంతా కిటికీకి వేలాడింది. మీట నొక్కగానే ధబ్! ఒక్క దెబ్బకి నాలుగు చెప్పుల అడుగులు ఊడిపడ్డాయి. నేనైతే కేక పెట్టాను, చెప్పడానికి సిగ్గుపడను. నెల తిరక్కుండా రెండు బజార్ల దుకాణాలు సరుకు అడిగాయి, పక్క వీధి నుంచి ఇద్దరాడవాళ్ళు పనికి కుదిరారు.

అందరూ సంతోషంగానే ఉన్నారు, అత్తగారు తప్ప.

"మధ్యాహ్నం కాస్త నడుం వాలుద్దామంటే ఈ ధబ్ ధబ్ ఏంటే తల్లీ? నిద్రెలా పడుతుంది?"

"పట్టకపోతే ఇలా రండత్తయ్యా, చెప్పులకి పట్టీలు గుచ్చేవాళ్ళు చాలట్లేదు."